రూమ్‌బాక్స్‌లో పెట్టింది మళ్లీ తీయగలగాలి

ప్రశ్న: పదేళ్లుగా డాల్‌హౌస్ మినియేచర్లు కూడబెడుతున్నాను. ఇప్పటికి అరవై దాకా అయ్యాయి. కుర్చీలు, బల్లలు, పుస్తకాల అల్మరా, పింగాణీ టీ సెట్లు, ఒక కుట్టుమిషను, నాలుగైదు పాతకాలపు సీసం పాత్రలు. ఎక్కువ భాగం 1:12 (అసలు వస్తువులో పన్నెండో వంతు) స్కేల్‌వి, పదో పన్నెండో 1:24వి. అన్నీ అద్దాల బీరువాలో ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. ఒక అట్టపెట్టెతో, ముందువైపు నుంచి చూసే చిట్టి గది లాంటి రూమ్‌బాక్స్ చేసి చూశాను. వాల్‌పేపర్ బుడగలు లేచింది, గోడలు వంగాయి. హాట్ గ్లూతో అంటించిన టీకప్పులు వారానికే ఊడిపోయాయి, కుర్చీ మాత్రం ఊడి రావడం లేదు. కాయిన్ సెల్‌తో (నాణెం ఆకారపు బ్యాటరీ) పెట్టిన దీపం రెండు సాయంత్రాలకే ఆరిపోయింది. అడుగు వెడల్పున రెండు మూడు పెట్టెలు చేసి అరలో పెట్టుకోవాలని ఉంది. ఎక్కడ తప్పు జరిగింది? ఈసారి ఎలా మొదలుపెట్టాలి?

సమాధానం: మీరు రాసిన ఇబ్బందులు వేరువేరుగా కనిపిస్తున్నా వాటి మూలం ఒక్కటే. పెట్టెను ఒకసారి చేసి మూసేసే వస్తువుగా అనుకున్నారు. కాగితాన్ని పెట్టె గోడకే అంటించారు, కుర్చీని నేలకే అతికించారు, దీపం మార్చే దారి ఉంచలేదు. ఆటబొమ్మలకైతే అలా చేసినా నడుస్తుంది. సేకరించి దాచుకున్న వస్తువులకు నడవదు. దుమ్ము తుడవాలి, దీపం పోతే మార్చాలి, ఇంకో మంచి బల్ల దొరికితే పాతది తీసి దాన్ని పెట్టాలి. అందుకని ఒక్క నియమం పట్టుకోండి: పెట్టెలోకి వెళ్లిన ప్రతిదీ, గోడతో సహా, చెడిపోకుండా బయటికి రావాలి. కొలతలూ జిగుర్లూ వైర్లూ అన్నీ దాన్నిబట్టే తేలతాయి.

ముందు పెట్టె కాదు, వస్తువులు. ఒక బల్ల మీద మాస్కింగ్ టేపుతో 30 సెం.మీ. వెడల్పు, 25 సెం.మీ. లోతున్న దీర్ఘచతురస్రం గీయండి. మూడు వైపులా పుస్తకాలు నిలబెడితే అవే గోడలు. 1:12లో అంగుళం అంటే అడుగు కాబట్టి ఇది సుమారు 12 అడుగులకు 10 అడుగుల గది. ఇందులో వస్తువులు అమర్చి, కళ్లు బల్ల ఎత్తుకు దించి చూడండి. ఫోన్‌తో ఎదురుగా ఒక ఫొటో తీయండి. కంటికి తెలియని ఇరుకు ఫొటోలో బయటపడుతుంది. రెండు మూడు రోజులు అలాగే ఉంచి, రోజుకు ఒక వస్తువు తీసేసి చూడండి. ఈ సైజు గదికి పన్నెండు నుంచి పద్దెనిమిది వస్తువులు చాలు, అందులో పెద్ద సామాను నాలుగైదుకు మించకూడదు. నేల మూడో వంతు ఖాళీగా ఉండాలి. అరవైనీ మూడు పెట్టెల్లో సర్దేయాలనుకుంటే మళ్లీ అద్దాల బీరువాయే తయారవుతుంది. కొన్ని లోపల ఉండి, కొన్ని డబ్బాలో మెత్తని కాగితంలో విశ్రాంతి తీసుకుని, వంతులవారీగా మారుతుంటే సేకరణకూ మంచిది, చూసేవాళ్లకూ మంచిది.

వస్తువులు తేలాక పెట్టె. మేం చెప్పే పద్ధతిలో పెట్టె వేరు, గది వేరు. బయట 6 మి.మీ. ప్లైవుడ్‌తో గట్టి డబ్బా, దానిలోకి పైనుంచి జారే 5 మి.మీ. ఫోమ్ బోర్డు (రెండు కాగితాల మధ్య నురగ ఉన్న తేలికపాటి అట్ట) గోడలు. గది లోపలి కొలత 30 వెడల్పు, 25 లోతు, 23 సెం.మీ. ఎత్తు అనుకుందాం. దానికి డబ్బా లోపల 31 వెడల్పు, 31 లోతు, 28 ఎత్తు కావాలి. ప్లైవుడ్ ముక్కలు ఇలా కోయించండి: అడుగుకు 31 × 31, పక్కలకు 31 × 28.6 చొప్పున రెండు, వెనక్కి 32.2 × 28.6, మూతకు 32.2 × 31.6 సెం.మీ. అడుగుపలక పక్కపలకల మధ్యలో కూర్చుంటుంది, వెనకపలక మూడింటి అంచుల్నీ కప్పుతుంది. మూతను అతికించకండి, పైన ఊరికే కూర్చోవాలి. జారకుండా దాని అడుగున రెండు చిన్న చెక్కపట్టీలు కొడితే సరిపోతుంది.

ముందువైపు ప్రతి పక్కపలక లోపల రెండు నిలువు పట్టీలు అంటించండి. ఒక్కోటి 5 మి.మీ. మందం, మధ్యలో 4 మి.మీ. సందు. ఆ సందులోకి 3 మి.మీ. అక్రిలిక్ (గాజులాంటి ప్లాస్టిక్) షీటు పైనుంచి జారుతుంది. షీటు కొలత 30.8 × 27.8 సెం.మీ. ఆ రెండు మిల్లీమీటర్ల వదులు కావాలని ఉంచిందే. వేడికి అక్రిలిక్ పెరుగుతుంది, సందు బిర్రుగా ఉంటే విల్లులా వంగుతుంది. బయటి పట్టీని 10 మి.మీ. వెడల్పున తీసుకుంటే గోడల అంచులు దాని వెనక దాగుతాయి, చూడ్డానికి చట్రంలా ఉంటుంది. పట్టీలకు 1.4, గదికి 25, వెనకగోడకు 0.5 పోగా వెనక 4.1 సెం.మీ. మిగులుతుంది. కిటికీ బయటి దృశ్యం, వైర్లు, దీపాలు అన్నీ ఆ సందులోకే వెళ్తాయి. ఎత్తులోనూ అంతే: నేల బోర్డుకు, పైకప్పు బోర్డుకు అర సెంటీమీటరు చొప్పున పోతే పైన 4 సెం.మీ. దీపాలకు మిగులుతుంది.

అట్ట గోడలు ఎందుకు వంగాయో చూద్దాం. నీళ్లున్న జిగురు రాస్తే కాగితం సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. ఒకవైపే అంటించారు కాబట్టి అట్టను ఆ వైపుకే లాగింది. బుడగలకు కారణం కాగితం ఇంకా సాగుతుండగానే అంటించేయడం. ఈసారి ఫోమ్ బోర్డు గోడను పెట్టె బయట, బల్ల మీద పరిచి పని చేయండి. పుస్తకాల బైండింగ్‌కు వాడే, యాసిడ్ లేని తెల్ల పీవీఏ జిగురును నాలుగు పాళ్లకు ఒక పాలు నీళ్లు కలిపి పలచగా రాయండి. కాగితాన్ని రెండు మూడు నిమిషాలు సాగనిచ్చి, మధ్య నుంచి అంచులకు మెత్తటి గుడ్డతో నొక్కుతూ వెళ్లండి. వెంటనే వెనకవైపు అంతే మందమున్న సాదా కాగితం అంటించండి. రెండు వైపులా లాగుడు సమానమైతే బోర్డు వంగదు. ఆ తర్వాత రెండు పార్చ్‌మెంట్ కాగితాల మధ్య ఉంచి, పైన పుస్తకాల బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. ఇంక్‌జెట్ ప్రింటరులో తీసిన కాగితమైతే తడికి రంగు పాకుతుంది. లేజర్ ప్రింటు తీయించుకోండి, లేదా కాగితాన్ని అంటించక ముందే రంగును నిలిపే ఫిక్సెటివ్ స్ప్రే పలచగా రెండు పూతలు కొట్టండి. స్ప్రేని ఫోమ్ బోర్డు కోసిన అంచుల మీద మాత్రం పడనివ్వకండి, ఆ ద్రావకానికి లోపలి నురగ కరిగిపోతుంది.

కాగితం మీది డిజైను కూడా స్కేల్‌లోనే ఉండాలి. ఆరంగుళాల పువ్వు ఇక్కడ అరంగుళం. నేలకు చెక్క వెనీర్ (పలచని చెక్క పొర) పట్టీలు వేస్తే 6 మి.మీ. వెడల్పు సరిగ్గా సరిపోతుంది, మూడంగుళాల పలకలకు సమానం. వార్నిష్ మ్యాట్‌దే వాడండి. నిగనిగలాడే నేల మీద పెట్టె బయటి గదంతా ప్రతిబింబిస్తుంది, గది కాస్తా బొమ్మ అయిపోతుంది. గోడకూ కప్పుకూ మధ్య గీత కనిపించకుండా కార్నిస్ పట్టీ కావాలంటే దాన్ని గోడకే అంటించండి, కప్పుకు వద్దు. కప్పు పైకి లేవాలి కదా.

ఇక్కడొక హెచ్చరిక. మీ సీసం పాత్రలు ఈ పెట్టెల్లోకి వద్దు. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపీచు నొక్కి చేసిన బోర్డు), ముఖ్యంగా ఓక్ చెక్క ఎంత ఎండినా సన్నగా ఆమ్లాల ఆవిరి వదులుతూనే ఉంటాయి. మూసిన పెట్టెలో అది పేరుకుని సీసం మీద తెల్లటి పొడి లేస్తుంది. ఆ పొడి విషం. ఇప్పటికే ఎక్కడైనా కనిపిస్తే ఊదకండి, చేతి తొడుగులు వేసుకుని విడిగా మూతపెట్టండి. సీసాన్ని గాజు, లోహం మాత్రమే ఉన్న అరలో ఉంచడం మంచిది. మిగతా వస్తువుల కోసం డబ్బా లోపల, అంచులతో సహా, నీటి ఆధారిత అక్రిలిక్ సీలర్ రెండు పూతలు వేసి, మూత తీసి మూడు నాలుగు వారాలు గాలికి వదలండి. ముక్కు దగ్గర పెడితే వాసన రాకూడదు, అప్పుడే వస్తువులు. ఓపిక తెగేది ఇక్కడే. తొందరపడి నష్టపోయేదీ ఇక్కడే. సందులు పూడ్చడానికి వెనిగర్ వాసన వచ్చే సిలికోన్ వాడొద్దు, అది ఎసిటిక్ ఆమ్లమే వదులుతుంది. వెండి వస్తువులుంటే నేల మీద ఉన్ని గుడ్డ, రబ్బరు లేకుండా చూడండి. వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

దీపం సంగతి. సీఆర్2032 కాయిన్ సెల్‌లో ఉండేది సుమారు 220 మిల్లీయాంపియర్-గంటలు. మామూలు ఎల్‌ఈడీ 20 మిల్లీయాంపియర్లు తాగితే లెక్కకు 11 గంటలు. తెల్ల ఎల్‌ఈడీ వెలగడానికే 3 వోల్టుల దగ్గర కావాలి, సెల్ వోల్టేజి కొంచెం తగ్గినా వెలుతురు పడిపోతుంది. అందుకే రెండు సాయంత్రాలు. పైగా ఇంట్లో చిన్నపిల్లలుంటే కాయిన్ సెల్ చాలా ప్రమాదం, మింగితే లోపల కాలుతుంది. సెల్ మానేసి 5 వోల్టుల యూఎస్‌బీ అడాప్టర్ పెట్టండి. గదిలోని బల్లదీపం లాంటి వాటికి ఒక్కో చిప్ ఎల్‌ఈడీకి ఒక్కో 470 ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటును తగ్గించే చిన్న భాగం) వరుసలో కలపండి. 5 నుంచి 3 తీసేస్తే మిగిలేది 2 వోల్టులు, దాన్ని 470తో భాగిస్తే సుమారు 4 మిల్లీయాంపియర్లు. చిన్న గదికి ఆ వెలుగు చాలు, ఎల్‌ఈడీ వేడెక్కదు. అన్నిటికీ కలిపి ఒకే రెసిస్టర్ పెడితే ఒకటి మండుతూ ఇంకొకటి మినుకుమంటూ ఉంటాయి. 2017లో వాషింగ్టన్‌లోని రెన్విక్ గ్యాలరీ అనే మ్యూజియంలో ప్రదర్శించినప్పుడు నేర పరిశోధన శిక్షణ కోసం ఫ్రాన్సిస్ గ్లెస్నర్ లీ చేసిన నట్‌షెల్ స్టడీస్ పెట్టెల్లో పాత ఫిలమెంట్ బల్బులు తీసి ఎల్‌ఈడీలు అమర్చారు. అంత విలువైన వస్తువులకు చేసినది మనమూ చేయొచ్చు.

గదికి అసలు వెలుగు బల్లదీపం నుంచి రాదు, ముందు పైభాగం నుంచి రావాలి. కప్పు బోర్డును ముందు అంచుకు 3 సెం.మీ. ఇవతలే ఆపేయండి. ఆ ఖాళీ మీద, మూత అడుగున, 25 సెం.మీ. పొడవు వెచ్చని తెలుపు ఎల్‌ఈడీ స్ట్రిప్ అంటించి, కింద ట్రేసింగ్ కాగితం పొర పెట్టండి. లేకపోతే టీకప్పు మీద ఒక్కో ఎల్‌ఈడీ ఒక్కో చుక్కగా మెరుస్తుంది. ముందు చట్రానికి పైన 5.5 సెం.మీ. అడ్డపట్టీ కొడితే స్ట్రిప్ కంటికి కనిపించదు. మసకబార్చే స్విచ్ తప్పకుండా పెట్టండి, మొదటిరోజు అందరూ వెలుగు ఎక్కువే పెడతారు. గదిలో 2700 కెల్విన్ (పసుపు ఛాయ) వెలుగు ఉంటే వెనక కిటికీ అవతల 4000 కెల్విన్ (తెలుపు ఛాయ) పెట్టండి. లోపల దీపకాంతి, బయట పగలు అన్న తేడా ఈ రెండు రంగులతోనే వస్తుంది. కిటికీ ఉన్న గోడ వెనకంతా నల్ల కాగితం అంటించడం మరవకండి, తెల్ల ఫోమ్ బోర్డు వెనక దీపం పెడితే గోడే లాంతరులా వెలుగుతుంది. వైర్లు గోడ అడుగున 3 మి.మీ. రంధ్రంలోంచి వెనక సందులోకి పంపి, అక్కడ విప్పి పెట్టగల కనెక్టరు కలపండి. అతుకుల్ని వాల్‌పేపర్ కింద పూడ్చొద్దు.

వెనక సందును చిన్నచూపు చూడకండి. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో నార్సిస్సా థోర్న్ అనే ఆమె చేయించిన చిట్టి గదులు 68 ఉన్నాయి, చాలామటుకు 1932, 1940 మధ్య తయారైనవి, మీ వస్తువుల్లాగే 1:12 స్కేల్. వాటిలో సామాను ఎంత గొప్పదైనా, మనసును లోపలికి లాగేది ఓరగా తెరిచిన తలుపు, దాని అవతల సగం కనిపించే ఇంకో గది, కిటికీలోంచి పడే వెలుతురు. నాలుగు సెంటీమీటర్లలో మీరూ ఆ పని చేయొచ్చు. తలుపు రంధ్రం 7.5 సెం.మీ. వెడల్పు, 18 సెం.మీ. ఎత్తు, అవతల వేరే రంగు గోడ, చిన్న దీపం. అంతే.

మీ 1:24 వస్తువులకు కూడా చోటు అక్కడే. వాటిని 1:12 వాటి పక్కన ఎప్పుడూ పెట్టకండి. రెండూ అబద్ధంగా కనిపిస్తాయి. కానీ తలుపు సందులోంచి వెనక ఒక 1:24 కుర్చీ కనిపిస్తే, చిన్నది కాబట్టి దూరంగా ఉందని కన్ను నమ్ముతుంది. ఇది తలుపు సగమే తెరిచి, చూసే కోణం ఒకటే ఉన్నప్పుడు మాత్రమే పనిచేస్తుంది. మిగిలినవన్నీ కలిపి మూడో పెట్టెను పూర్తిగా 1:24కే కేటాయించండి. అడుగు వెడల్పులో అది 24 అడుగుల హాలు అవుతుంది, లేదా పక్కపక్కన రెండు గదులు.

ఇక వస్తువుల్ని నిలబెట్టడం. చల్లారి గట్టిపడ్డ హాట్ గ్లూ నున్నటి పింగాణీని పట్టుకోదు, అందుకే కప్పులు ఊడాయి. కుర్చీ విషయంలో ఆ గ్లూ చెక్క రంధ్రాల్లోకి దిగింది, అందుకే అది రావడం లేదు. దీనికి మ్యూజియాలు వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం వాడండి. ఆవగింజంత తీసుకుని వేళ్ల మధ్య వెచ్చచేసి, కాలి అడుగున పెట్టి, కొద్దిగా తిప్పుతూ నొక్కండి. తీయాలంటే మళ్లీ తిప్పడమే, నిటారుగా లాగితే సన్నటి కాళ్లు విరుగుతాయి. కాగితం, గుడ్డ, వార్నిష్ లేని చెక్క మీద మైనం నూనె మరక వదులుతుంది, అక్కడ మధ్యలో చిన్న పాలిస్టర్ ఫిల్ము ముక్క పెట్టండి. గోడకు పటాలు అంటించే నీలిరంగు ముద్ద మాత్రం వద్దు, నెలల తర్వాత అదీ మరకే. సూపర్ గ్లూ కూడా పెట్టె లోపల వద్దు, దాని ఆవిరి అక్రిలిక్ మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది. పాలిమర్ క్లేతో (ఓవెన్‌లో కాల్చి గట్టిపరిచే ప్లాస్టిక్ మట్టి) చేసిన వాటిని నేరుగా అక్రిలిక్ మీదగానీ ప్లాస్టిక్ పళ్లెంలోగానీ పెట్టకండి, కొన్నాళ్లకు అంటుకుని ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తాయి. కళాకారుడి సంతకం అడుగున ఉంటే దాని మీద మైనం పడనివ్వకండి. లోపల పెట్టేముందే ప్రతి వస్తువుకూ ముందు, వెనక, అడుగు ఫొటోలు తీసి నంబరు వేసుకోండి.

అమరికలో ఒక్క మాట. సామానంతా గోడలకు ఆనించి మనవైపు తిప్పి పెడితే గ్రూపు ఫొటోలా ఉంటుంది. కుర్చీని కాస్త ఓరగా, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు పెట్టండి. కుట్టుమిషను పక్కన సగం కుట్టిన గుడ్డ ఉంటే చాలు, మనిషి బొమ్మ అక్కర్లేదు. ఎత్తైన అల్మరా వెనక మూలకు, ముందువైపు తక్కువ ఎత్తు వస్తువు ఒకటే. కర్టెన్లు మాత్రం మనకు లొంగవు, గుడ్డ చిన్నదైనా దాని బిరుసు చిన్నది కాదు. పలచని నూలుగుడ్డను నీళ్లు కలిపిన పీవీఏలో ముంచి, ప్లాస్టిక్ చుట్టిన ఫోమ్ బోర్డు మీద సూదులతో మడతలు పెట్టి ఆరనివ్వండి.

అరను ఎంత ఎత్తులో పెట్టాలో మీ కన్నే చెబుతుంది. 1:12 మనిషి కన్ను నేల నుంచి సుమారు 13 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. మీరు కూర్చునో నిలబడో చూసేచోట మీ కంటి ఎత్తు కొలిచి, అందులోంచి 13 తీసేయండి. గది నేల అక్కడ ఉంటే మీరు గదిలోకి చూస్తున్నట్టు ఉంటుంది. కింద పెడితే డ్రోన్‌లోంచి చూసినట్టు ఉంటుంది. ఎండ నేరుగా పడే చోటు వద్దు. రంగులు వెలుస్తాయి, మూసిన పెట్టె లోపల వేడీ పెరుగుతుంది. బయటి గోడకైతే వెనక 2 సెం.మీ. గాలి సందు వదలండి. తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే మేలు, చిన్న సిలికా జెల్ సంచిని వెనక సందులో పెట్టి రంగు మారినప్పుడు మార్చండి.

అక్రిలిక్‌ను పొడిగుడ్డతో రుద్దితే విద్యుదావేశం పుట్టి ఇంకా దుమ్ము లాగుతుంది. కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ వాడండి. గాజు తుడిచే అమ్మోనియా ద్రావణాలు, ఆల్కహాల్ తగిలితే సన్నటి పగుళ్లు వస్తాయి. లోపలి దుమ్ముకు మెత్తని కుంచె, రబ్బరు బల్బు ఊదుడు చాలు. అంగట్లో డబ్బాలో దొరికే గాలి స్ప్రే వద్దు, అది కప్పుల్ని ఎగరగొడుతుంది, చల్లటి ద్రవాన్నీ చిమ్ముతుంది.

చివరికి ఆ కుర్చీ. పింగాణీ కప్పుల మీద మిగిలిన గ్లూ ముద్ద అంచున ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క వేసి నిమిషం ఆగితే దానంతటదే వదులుతుంది, అయితే రంగు గ్లేజ్ (పింగాణీ మీది గాజుపూత) కిందే ఉందని చూసుకున్నాకే. కుర్చీకి ఆల్కహాల్ తగలనివ్వకండి, వార్నిష్ కరుగుతుంది. ముందు అట్టను కుర్చీ కాళ్ల చుట్టూ కత్తిరించి, కుర్చీని విడిగా చేతిలోకి తీసుకోండి. అట్టను కింది నుంచి పొరలు పొరలుగా ఒలిచేయండి. మిగిలిన గ్లూను వెదురు పుల్లతో అంచు నుంచి నెమ్మదిగా లేపండి. ఒక కాలి దగ్గర గట్టిగా పట్టుకుంటే అక్కడ ఆపి, ఆ ముక్కను పుల్లతో పలచగా గీరి వదిలేయండి. అడుగున అర మిల్లీమీటరు గ్లూ మిగిలినా ఎవరికీ కనిపించదు, దాని మీద మైనం బాగానే నిలుస్తుంది.